ఈ వారం సార్‌కు విషయం దొరకలేదు

"బ్లాగు మొదలుపెట్టాను సార్. ఏం రాయాలో తోచడం లేదు. మీరేమన్నా సలహా చెప్తారా?" అని మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఈమెకు నా నంబరు ఎవరిచ్చారా అన్నది నాకు ముందు వచ్చిన ఆలోచన. సలహా ఉత్త సాకు, అసలు సంగతి వేరే ఏదో ఉందన్నది రెండోది. గుచ్చి గుచ్చి అడిగాను. పాపం, నిజంగా బ్లాగు కోసమే చేసిందట. "ఆలోచించి చెప్తానమ్మా" అని పెట్టేశాను. ఆ చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. అదే తిప్పలు పడుతున్న పిల్లలు ఇంకెవరైనా ఉంటే వాళ్లూ చదువుకోవచ్చు.

ముందు నా గుణం చెప్పాలి. నేను పత్రికా విలేకరిగా చేసి రిటైరయ్యాను. తొంభైల్లో ఆళ్లగడ్డలో ఉండేవాడిని. కోర్టు వాయిదాలు, పోలీసు స్టేషను, పాత కక్షలు, ఎన్నికల గొడవలు, ఇవే నా వార్తలు. రాసిన కాగితాలు కవరులో పెట్టి, మధ్యాహ్నం బస్సు డ్రైవరు చేతికిస్తే నంద్యాల ఆఫీసులో దించేవాడు. ఆ కవరును కూడా దారిలో ఎవరైనా విప్పి చూస్తున్నారేమోనని అంటించిన చోట సంతకం పెట్టేవాణ్ణి.

టీ కొట్లోకి నేను అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. మాటలు ఆగిపోయాయంటే ఏదో ఉందని నేను అనుకునేవాణ్ణి. నేను వచ్చానంటే ఏదో జరిగిందని వాళ్లు అనుకునేవాళ్లు. అలా ఒకరినొకరం అనుమానించుకుంటూ చల్లారిన టీ తాగేవాళ్లం. బస్సులో ఎవరైనా కొత్త సంచితో ఎక్కితే నేను మనిషిని చూసేవాణ్ణి కాదు, సంచిని చూసేవాణ్ణి. "కూరగాయలామెను గూడా వాంగ్మూలం తీసుకున్నట్టు అడుగుతావు, ఇంక నేను పోయి తెచ్చుకుంటా లే" అని నా భార్య నా చేతిలోంచి సంచి లాక్కునేది. ఆ గుణం వృత్తికి పనికొచ్చింది. ఇంటికి పనికిరాలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక నన్ను నంద్యాల ఆఫీసుకు మార్చారు. కొన్నేళ్లకు మా పత్రిక ఇంటర్నెట్‌లోకి దిగింది. అప్పుడు తెలుగులో బ్లాగులు కొత్త. బెంగుళూరులో, హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలు రోజూ చదువుతున్నారని ఎవరో మా పెద్దలకు చెప్పినట్టున్నారు. ఊరూరికీ ఒక బ్లాగు పెట్టమని ఆజ్ఞ వచ్చింది. నంద్యాల, ఆళ్లగడ్డ కలిపి ఒకటి. వారానికి ఒక ముచ్చట రాయాలి. నేరం ఉండకూడదు, రాజకీయం ఉండకూడదు. జనం ఇష్టంగా చదువుకునేది కావాలి. ఈ పని మా ఆఫీసులో అందరి కంటే సీనియర్‌నైన నా మెడకు చుట్టారు. నన్ను బయటికి సాగనంపడానికి వేసిన ఎత్తు ఇదని నాకు అప్పుడే అర్థమైంది. కాదని తర్వాత తెలిసింది కానీ, అది వేరే సంగతి.

బ్లాగు చూసుకునే సబ్-ఎడిటరు నంద్యాల అమ్మాయే. నాకు కూతురి వయసు. పత్రిక కోసం మేం వాడే అక్షరాలు ఇంటర్నెట్‌లో గజిబిజిగా కనబడేవి. అందుకని నేను రాసిందంతా ఆమె మళ్లీ కొత్తగా టైపు చేసేది. అంటే నా ప్రతి వాక్యం ఆమె వేళ్ల కిందుగా పోవాల్సిందే. మొదటి వారం మహానంది దారిలో అరటితోటల గురించి రాసిచ్చాను. చదివి ఒక వాక్యం కింద వేలు పెట్టింది.

"సార్, ఇందులో 'ఈ తోటల వెనుక ఎవరున్నారు?' అని రాసినారు."

"అవును."

"తోటల వెనుక కొండలుండాయి సార్. అంతే."

రెండో వారం బస్టాండులో వడలమ్మే ఆమె గురించి రాశాను. ఆమె నూనె ఎక్కడ కొంటుంది, ఆ కొట్టువాడికీ ఆమెకూ ఏం సంబంధం, పొద్దున మొదటి బస్సుకే ఎందుకు వస్తుంది, అన్నీ వివరంగా రాశాను. ఈసారి ఆ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. "సార్, ఏమీ అనుకోవద్దు. మీ బ్లాగు చదువుతాంటే ఎఫ్ఐఆర్ చదివినట్టుంది" అంది.

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ల సర్వీసు నాది, నీకేం తెలుసని అడగబోయాను. కానీ నిజం చెప్పొద్దూ, లోపల భయం కూడా వేసింది. ప్రతి సోమవారం బ్లాగు పడాలి. ఏం రాయాలి? ఎక్కడ చూసినా నాకు రెండే కనిపించేవి, జరిగిన నేరం, జరగబోయే నేరం. మధ్యలో జనం బతుకుతున్నారన్న సంగతి నాకు ఎవరూ నేర్పలేదు.

ఆ అమ్మాయే ఒక దారి చెప్పింది. "మీకు బాగా తెలిసిన ఊర్లో, ఎప్పుడూ పోని చోటుకు పోయి ఊరికే కూసోండి సార్. ఎవుర్నీ ఏమీ అడగొద్దు. వచ్చి మీరు చూసింది నాకు చెప్పండి. రాసేది తర్వాత చూద్దాం."

అడగకుండా కూర్చోవడం నా జీవితంలో చేయని పని. అయినా సరేనని సిరివెళ్ల మీదుగా పోయే బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగాను. ఆ ఊళ్లో నేను పోని చోటంటూ ఉంటే అది రోడ్డు పక్కనుండే శిల్పుల షెడ్లే. ఏళ్ల తరబడి వాటి ముందు నుంచి స్టేషనుకూ కోర్టుకూ తిరిగాను. అక్కడి నుంచి ఒక్క కేసూ రాలేదు కాబట్టి ఒక్కసారీ లోపలికి తొంగి చూడలేదు.

ఒక షెడ్డులో బండరాయి మీద కూర్చున్నాను. ఉలి చప్పుడు, కట్టర్ రొద, మీద పడే తెల్లటి దుమ్ము. ఒక మూల వినాయకుడు, ఇంకో మూల ఇంకా కొమ్ములు రాని నంది, గోడకు ఆనించి ఎవరో నాయకుడి చెయ్యి మాత్రం. షెడ్డు యజమాని నా కంటే కొంచెం చిన్నవాడు, మాట పొదుపు. నేనెవరో అతనికి తెలుసు. "ఏం సార్, ఏమన్నా జరిగిందా?" అన్నాడు. "ఏం లేదు, ఊరికే వచ్చినా" అన్నాను. నమ్మలేదు. నేనైనా నమ్మను.

కూర్చున్నచోటి నుంచి నాకు ఎదురుగా ఒక నల్లరాతి విగ్రహం కనబడింది. బాసింపట్టు వేసుకుని కూర్చున్న ముసలాయన. పంచె మడతలు, మోకాలి మీద పెట్టుకున్న చెయ్యి, మెడ కింద వేలాడే చర్మం, అన్నీ పూర్తయ్యాయి. కండ్లు మాత్రం లేవు. కండ్లు ఉండాల్సిన చోట రెండు నున్నటి ఉబ్బులు. నేను చూస్తున్నది ఎవరినో నాకు ఎడమ చెవి దగ్గర తెలిసిపోయింది. ఆ చెవి తమ్మె తెగి రెండుగా వేలాడుతోంది.

ఆ చెవి నాకు బాగా తెలుసు. నంద్యాల బజారులో బెల్లం హోల్‌సేలు చేసే సావుకారుది. ఎప్పుడో చిన్నప్పుడు పోగు లాగి తెగిందని చెప్పుకునేవాళ్లు. మా ఆఫీసు ఆ వీధి చివరే. రోజూ ఆయన దుకాణం ముందు నుంచే పోయేవాణ్ణి. గద్దె మీద కూర్చుని, నేను బెల్లం గడ్డ ఎత్తుకుపోతానేమోనన్నట్టు చూసేవాడు. ఆ రోజు పొద్దున బస్సెక్కే ముందు కూడా అలాగే చూశాడు. నిక్షేపంగా ఉన్నాడు.

అడగొద్దన్న మాట అప్పుడే మర్చిపోయాను.

"ఇది ఎవరిదప్పా?"

"ఎవురిదో సార్. ఫొటోలిచ్చినారు, చేస్తాండా."

"పోయినాయనా?"

అతను ఉలి ఆపలేదు. "పోయినోళ్లకే గద సార్ ఇట్లాంటివి చేసేది."

అబద్ధం. పోలీసు స్టేషను బెంచీల మీద పెరిగిన చెవులు నావి, అబద్ధం వినబడగానే తెలుస్తుంది. చుట్టూ చూశాను. గోడ మీద కట్టిన దారానికి నాలుగు ఫొటోలు వేలాడుతున్నాయి. ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, అటు పక్క ఒకటి, ఇటు పక్క ఒకటి. పోలీసులు ముద్దాయిలకు తీసే ఫొటోల్లాగా ఉన్నాయి.

రెండు రోజులాగి మళ్లీ పోయాను. ఈసారి విగ్రహం మీద గోనెసంచి కప్పి ఉంది. ఫొటోలు లేవు. శిల్పి నన్ను చూసి "టీ తాగుతారా సార్?" అని షెడ్డు బయటికే తీసుకుపోబోయాడు. ఆఫీసు వాళ్లు బ్లాగు కోసమని ఇచ్చిన చిన్న కెమెరాతో ఆ గోనెసంచిని ఒక ఫొటో తీసుకుని వచ్చేశాను.

తిరుగు బస్సులో కేసు మొత్తం నా తలలో తయారైపోయింది. సావుకారుకు ఇద్దరు కొడుకులు. అదే దుకాణంలో చెరో వైపు కూర్చుంటారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. బతికుండగానే తండ్రి విగ్రహానికి ఎవరో ఆర్డరిచ్చారు. విగ్రహానికి ముందే ఆర్డరిచ్చారంటే చావుకు ముహూర్తం కూడా పెట్టే ఉంటారు. ఇద్దరిలో ఎవరు? రాస్తే పెద్దాయన బతుకుతాడా, లేక తొందరపడి ముందే కానిచ్చేస్తారా? రాయకపోతే, రేపు ఆయన పోయిన వార్త నేనే రాయాలి. అటువంటి వార్తలు చాలా రాశాను. ముందే తెలిసి ఊరుకున్న వార్త మాత్రం ఒక్కటీ రాయలేదు.

మరునాడు బెల్లం కొనే నెపంతో దుకాణానికి పోయాను. పెద్దాయన లేడు. చిన్నకొడుకు తూకం వేస్తున్నాడు. నేను వీలైనంత మామూలుగా, "నాయన ఆరోగ్యం ఎట్లుంది?" అన్నాను.

అతని చెయ్యి ఆగింది. "ఎందుకడుగుతాండారు సార్?"

"ఊరికే."

"ఊరికే మీరు అడగరే."

నేను బెల్లం తీసుకుని వచ్చేశాను. అతని మొహంలో రంగు మారడం చూశాను. మారిందంటే వీడే అనుకున్నాను. తర్వాత తెలిసిందేమిటంటే, నా ప్రశ్నతో అతనికి భయం పట్టుకుంది. ఏడాదిగా మాట్లాడని అన్న దగ్గరికి పోయి, "విలేకరి వచ్చి నాయన ఆరోగ్యం అడిగిపోయినాడు, ఏందో జరుగుతాంది" అని చెప్పాడట. ఇద్దరూ కలిసి ఆ రోజు నుంచి తండ్రిని ఒంటరిగా గడప దాటనీయలేదు.

నేను మాత్రం శుక్రవారానికి బ్లాగు రాసేశాను. 'బతికున్న మనిషికి విగ్రహం: ఆర్డరిచ్చింది ఎవరు?' పేరు రాయలేదు కానీ చెవి రాశాను. చెవి రాస్తే నంద్యాలలో పేరు అక్కర్లేదు. కాగితాలు ఆ అమ్మాయి చేతిలో పెట్టి ఎదురుగా నిలబడ్డాను. ఈసారి నవ్వదని నాకు తెలుసు. నవ్వలేదు. రెండుసార్లు చదివింది.

"సార్, ఆ ఫొటోలు నాలుగు వైపుల నుంచీ తీసినారు అన్నారు కదా."

"అవును."

"ఆయన నిలబడి ఉండాడా, నడస్తా ఉండాడా?"

"నిలబడే."

"నాలుగు వైపులా తిరిగి తిరిగి నిలబడిన మనిషికి, తనను ఫొటో తీస్తాండారని తెలీకుండ ఉంటాదా సార్?"

నేను వంగి కాగితంలో ఆ వాక్యం మళ్లీ చదువుకున్నాను.

"ఆయన్నే అడిగినారా?" అంది.

అడగలేదు. నా వృత్తిలో బాధితుడు ఎప్పుడూ మాట్లాడే స్థితిలో ఉండేవాడు కాదు. ముందు ఆయన్నే అడగొచ్చన్న ఊహ కూడా నాకు రాలేదు. "సోమవారం పొద్దున వరకు ఆపుతా సార్" అని ఆమె ఆ కాగితాలు సొరుగులో పెట్టింది.

శనివారం మధ్యాహ్నం దుకాణం ముందుకు పోయేసరికి, పెద్దాయనే గద్దె మీద నుంచి వేలితో రమ్మన్నాడు. కొడుకులిద్దరూ వెనక గోడౌన్లో సరుకు దించుకుంటున్నారు. ఆయన నన్ను కూర్చోమనలేదు. కాసేపు తేరిపార చూశాడు. ఆ చూపు గురించి చెప్పాలి. తల కదలదు. ఎడమ కన్ను కాస్త సన్నబడుతుంది. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ ఆయన మాట వినడు, తూకం చూసినట్టు మనిషిని చూస్తాడు.

"ఎవురు పంపినారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు సావుకారూ."

"ఎవురూ పంపకుండ ఎవురన్నా వస్తారా? పెద్దోడా, చిన్నోడా?"

ఇక దాచి లాభం లేదనిపించింది. "ఆళ్లగడ్డలో మీ విగ్రహం చూసినా. మీకు తెలుసో లేదో, ఎవరో..."

ఆయన చెయ్యెత్తి ఆపాడు. నేను ఊహించినదేదీ ఆ మొహంలో రాలేదు. ముందుకు వంగి గొంతు తగ్గించి అడిగాడు.

"ముక్కు ఎట్లుంది?"

"ఏందీ?"

"ముక్కప్పా, ముక్కు. పోయిన తూరి చూసినప్పుడు లావుగా కొట్టినాడు. తగ్గించమంటి. తగ్గించినాడా?"

"బాగుంది" అనేశాను.

"బాగుంటే నాది కాదు" అని వెనక్కి వాలాడు. "నువ్వు వచ్చి నా ఆరోగ్యం అడిగిపోయినావంట. ఆ పొద్దు నుంచి నా కొడుకులు నన్ను ఉచ్చకు గూడా ఒంటిగ పోనీడం లేదు. ఆళ్లగడ్డకు యాడ పోవాల? నా మొగం నేను చూసుకోకుండ చేస్తివి గదప్పా."

"విగ్రహం మీరే చేయించుకుంటున్నారా?"

"నేను గాక ఎవురు చేపిస్తారు? వీళ్లా? నేను పోతే ఫొటోకు దండేస్తారు. ఏడాది తిరిగేసరికి దండ వాడిపోతాది, ఫొటో గోడౌన్లోకి పోతాది. రాయయితే ఇద్దరూ కలిసి ఎత్తినా లేవదు. ఈ గద్దె పక్కన్నే కూసోనుంటా."

"మరి వాళ్లకు చెప్పొచ్చు కదా?"

"చెప్తే వద్దంటారు. బతికుండంగ విగ్రహం చేపిచ్చుకుంటే కీడంటారు, అందుకే శిల్పిని గూడా నోరిప్పొద్దంటి. వాళ్ల భయం కీడు కాదప్పా. పోయినంక గూడా తూకం చూస్తాంటానని వాళ్ల భయం."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. నా మొహం చూస్తూనే ఉన్నాడు, ఆ నవ్వు నిజమైనదా కాదా అని. తర్వాత తన అసలు బాధ చెప్పాడు. ఆ శిల్పి షెడ్డులో, అతని తండ్రి కాలం నుంచీ ఒక కట్టుబాటు ఉందట. బతికున్న మనిషి విగ్రహానికి కండ్లు తెరవరు. మిగతాదంతా చేసి పెడతారు. మనిషి పోయాకే కండ్లు చెక్కుతారు. సావుకారు ఎంత బతిమాలినా, ఎంత బెదిరించినా అతను వినలేదట.

"నేను పోయినంక కండ్లు పెడతాడు. అప్పుడు పక్కనుండి చూసేది ఎవురు? నా కొడుకులు. దేవుడి మాదిరి చల్లగా చూసేట్టు పెట్టమంటారు. అట్లాంటి కండ్లు నాకు యాడుండాయప్పా? నా చూపే నా యాపారం. ముక్కు తప్పినా ఫరవాలేదు. చూపు తప్పితే ఆడ కూసున్నోడు ఇంకెవుడో అయితాడు."

కాసేపు బజారు వైపు చూశాడు. "నేను ఎవుర్నీ నమ్మనప్పా. నమ్మి బాగుపడిందీ లేదు. కానీ నువ్వు రోజూ ఈ దావన పోతా నన్ను చూస్తాంటావ్, దొంగను చూసినట్టు. నేను గూడా నిన్ను అట్లనే చూస్తాంటి. ఈ బజార్లో నా చూపు తెలిసినోడు నువ్వొక్కడివే. నేను పోయినంక ఆడికి పోయి, కండ్లు సరింగ పెట్టిచ్చు. నేను ఉన్నన్నాళ్లు నీ బ్లాగో ఏందో, దాంట్లో ఈ మాట రాయగాకు."

నా ఉద్యోగంలో నన్ను చాలామంది వాడుకున్నారు, కొందరు భయపడ్డారు, ఇంకొందరు మర్యాద చేశారు. ఒక పని అప్పగించి, నువ్వు చేస్తావని నమ్మినవాళ్లు మాత్రం నాకు గుర్తు లేరు. మొదటిసారి నమ్మింది ఎవరినీ నమ్మని మనిషి. "సరే సావుకారూ" అన్నాను. ఆయన వెంటనే, "సరే అని అంత తొందరగ ఎందుకన్నావ్?" అన్నాడు.

ఆదివారం పోయి ఆ అమ్మాయికి జరిగిందంతా చెప్పి, కాగితాలు వెనక్కి అడిగాను. ఆమె సొరుగులోంచి తీసిచ్చింది కానీ మొహం చిన్నబుచ్చుకుంది. "ఎఫ్ఐఆర్ రాస్తే ఇస్తిరి, మంచి ముచ్చట దొరికితే ఇయ్యకపోతిరి" అంది. సోమవారానికి నా దగ్గర వేరే ఏమీ లేదు. ఖాళీగా వదలకూడదని ఆమె గోనెసంచి ఫొటో ఒక్కటి పెట్టి, కింద ఒక మాట రాసింది: 'ఈ వారం సార్‌కు విషయం దొరకలేదు.'

మా బ్లాగుకు అన్ని కామెంట్లు ముందెన్నడూ రాలేదు, తర్వాతా రాలేదు. సంచిలో ఏముందని జనం వాదులాడుకున్నారు. దేవుడన్నారు, నాయకుడన్నారు. బెంగుళూరు నుంచి ఒకతను, 'నా అనుమానం, లోపలుండేది సారే' అని రాశాడు. ఆఫీసంతా దాన్ని పట్టుకుని వారం రోజులు నన్ను ఏడిపించారు. నేను రాసినవన్నీ చదవకుండా పోయిన జనం, నేను రాయని దాని కింద బారులు తీరారు. నాకు కాస్త ఉక్రోషంగానే ఉండింది.

ఆ తర్వాత బ్లాగు రాయడం కొంచెం తేలికైంది. కూర్చోవడం అలవాటైంది. అడగడం తగ్గలేదు కానీ, ఎదురుగా ఉన్న మనిషినే ముందు అడగడం నేర్చుకున్నాను. సావుకారు దుకాణం ముందు నుంచి రోజూ పోయేవాణ్ణి. ఆయన అదే చూపు చూసేవాడు, నేనూ అలాగే చూసేవాణ్ణి. ఒక్కసారి కూడా ఆ మాట మా మధ్య రాలేదు. కొన్నాళ్లకు పెద్దలు బ్లాగుల మీద మోజు తీరి మూసేశారు. ఆ అమ్మాయి హైదరాబాదు డెస్కుకు పోయింది. నేను రిటైరయ్యాను.

రిటైరైన ఏడాదిలోనే ఒక పొద్దున ఫోన్ మోగింది. "ఆళ్లగడ్డ నుంచి, శిల్పిని సార్."

"నా నంబరు నీకెవరిచ్చారు?"

"పెద్దాయన ఇచ్చినాడు సార్. పోయినంక మీకు ఫోన్ చేయమన్నాడు. పోయినాడు సార్."

రోజూ ఒకరినొకరం దొంగను చూసినట్టు చూసుకున్న మనిషి కోసం ఏడుపొస్తుందని నేను అనుకోలేదు. వచ్చింది. నా భార్య వచ్చి, ఎవరని అడిగింది. ఏం చుట్టమని చెప్పాలో తెలియలేదు.

దినవారాలు అయ్యాక శిల్పి చెప్పిన రోజున ఆళ్లగడ్డ పోయాను. షెడ్డులో గోనెసంచి తీసేశారు. కొడుకులిద్దరూ తలలు గొరిగించుకుని నిలబడి ఉన్నారు. విగ్రహం సంగతి వాళ్లకూ అప్పుడే తెలిసినట్టుంది, ఇంకా తేరుకోలేదు. పెద్దకొడుకు శిల్పితో అంటున్నాడు, "చల్లగా చూస్తాన్నట్టు పెట్టప్పా. దండం పెట్టుకోబుద్ధి కావాల."

"అట్ల వద్దన్నాడు పెద్దాయన" అని శిల్పి నా వైపు చూపించాడు. "సార్ చెప్పినట్టు పెట్టమన్నాడు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. "మా నాయన కండ్లు ఎట్లుండాయో మాకు తెలీదా? నీకేం సంబంధం సార్?" అన్నాడు పెద్దవాడు. అడగాల్సిన ప్రశ్నే. జరిగింది జరిగినట్టు చెప్పాను. ముక్కు సంగతి కూడా చెప్పాను. వాళ్లు నమ్మినట్టు కనబడలేదు.

శిల్పి తడిగుడ్డతో రాతి మొహం తుడిచి, బొగ్గుముక్క పట్టుకున్నాడు. "నోటితో చెప్తే రాదు సార్. ఫొటోలో గూడా రాలేదు, కెమెరా ముందర మామూలుగా చూసినాడు. మీరే చూపియ్యాల."

"నేనా?"

"ఈడ కూసోండి. ఆయన ఎట్ల చూసేటోడో అట్ల చూడండి."

సిగ్గేసింది. అయినా బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. మోకాలి మీద చెయ్యి పెట్టాను. తల కదల్చకుండా, ఎడమ కన్ను కాస్త సన్నం చేసి, ఎదురుగా నిలబడిన ఇద్దరు కొడుకుల వైపు చూశాను. నాకేమీ కష్టం కాలేదు. జీవితమంతా చేసిన పనే అది.

చిన్నవాడు ముందు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు నవ్వుతుండగానే ఏడుపైంది. "నాయనే... నాయనేన్నా" అని అన్న భుజం పట్టుకున్నాడు. పెద్దవాడు నా కండ్లలోకి చూడలేక తల దించుకున్నాడు. "అట్లనే పెట్టప్పా" అన్నాడు నేల చూస్తూ. శిల్పి నన్ను కదలొద్దని చెప్పి, నన్ను చూస్తూ ఆ రాతి మీద గీతలు పెట్టాడు. తర్వాత ఉలి అందుకున్నాడు.

ఇప్పుడా విగ్రహం నంద్యాల బజారులో ఆ దుకాణం గద్దె పక్కన ఉంది. అందరూ అచ్చం సావుకారే అంటారు. అవి ఆయన కండ్లో నా కండ్లో నాకు ఈనాటికీ అనుమానమే.

బ్లాగుకు ఏం రాయాలని అడిగిన అమ్మాయికి చెప్పాల్సింది ఇంతే. నాకు దొరికిన ఒకే ఒక్క మంచి విషయం ఇది. అప్పుడు రాయనని మాటిచ్చాను కాబట్టి రాయలేదు. ఆయన ఉన్నన్నాళ్లే వద్దన్నాడు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. మాట కోసం మాట, తూకం సరిపోయింది.

పోయిన నెల ఆ బజారుకు పోయి బెల్లం కొన్నాను. చిన్నకొడుకే తూచాడు. ముల్లు సరిగ్గా నిలబడింది. పొట్లం కట్టబోతూ పక్కనున్న విగ్రహం వైపు ఒకసారి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఇంకో ముక్క తెగ్గొట్టి అందులో వేశాడు. నేను దండం పెట్టి బయటికొచ్చి, వీధి మలుపులో ఇంకో కొట్టు దగ్గర ఆగి, ఆ పొట్లం మళ్లీ తూయించాను. ఒక ముక్క ఎక్కువే ఉంది.